కాంతమణి చెప్పిన ప్రార్థన అంశం

పొద్దున్నే కూతురి నవ్వు వినబడితే ఏ తల్లికైనా కడుపు నిండినట్టుంటుంది. కాంతమణికి మాత్రం వారం రోజులుగా ఆ నవ్వు వినబడితే ఒళ్ళు మండుతోంది. ఎందుకంటే పిల్ల నవ్వుతున్నది తనతో కాదు.

వంటింట్లో దోసె తిరగేస్తోందన్న మాటే గానీ ఆమె చెవులు రెండూ హాల్లోనే ఉన్నాయి. హదస్సా ఇంకా మొహమైనా కడుక్కోలేదు. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫోను మోకాళ్ళకి ఆనించి, ఫిలిప్పీన్స్‌లో తనుండే ఇంటి యజమానురాలితో వీడియోలో కబుర్లు చెబుతోంది. ఆవిడ అక్కణ్ణించి ఏదో అంటుంది, ఈ పిల్ల ఇక్కడ పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

హదస్సా దావావ్‌లో డాక్టరు చదువుతోంది. మొదట్లో హాస్టల్ తిండి పడక, తనతో చదివే ఇద్దరమ్మాయిలతో కలిసి లోర్నా అనే ఆవిడ ఇంటి మేడగదికి మారింది. అక్కడ అత్తనైనా పిన్నినైనా ‘తీతా’ అంటారట. అలా ఆవిడ తీతా లోర్నా అయింది. అప్పటినుంచీ ఏ కబురు మొదలెట్టినా తీతా ఇలా అంది, తీతా ఇది వండింది. సెలవులకి సీతాఫల్‌మండి ఇంటికి వచ్చిందే గానీ, సూట్‌కేసు ఒక్కటే వచ్చి పిల్ల అక్కడే ఉండిపోయిందేమోనని కాంతమణి అనుమానం.

ఆమె పెద్దగా ఏమీ కోరుకోలేదు. హైస్కూల్లో తెలుగు టీచరు ఆమె. ఊళ్ళో ఆడపిల్లలందరూ స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి తమ గొడవలు ఆమెకి చెప్పుకుంటారు. కన్నకూతురు కూడా ఒక్కసారి, ఏదో ఒక మాట, అందరికంటే ముందు తనకి చెబితే చాలు. హదస్సాకి డెంగీ వచ్చిన సంగతి తగ్గిన తర్వాత తెలిసింది. నడుము దాకా ఉన్న జుట్టు కత్తిరించుకున్న సంగతి ఫోటోలో చూసి తెలిసింది. ఆ తీతాకి మాత్రం అన్నీ ముందే తెలిసేవి.

“బై తీతా! లవ్ యూ!” అంది హదస్సా.

దోసె మాడిన వాసన వచ్చింది. కాంతమణి దాన్ని అలాగే పళ్ళెంలో వేసి తెచ్చింది.

“అంత నవ్వొచ్చే మాట ఏం చెప్పిందమ్మా మీ తీతా?”

“మా పేట పండగ వస్తోంది మమ్మీ, ఫియెస్టా! ఈసారి డాన్స్‌లో నన్ను ముందు వరసలో పెట్టారంట. నేను, ముందు వరసలో! అదీ నవ్వు.”

మా పేట అంది. సీతాఫల్‌మండి గల్లీల్లో సైకిల్ నేర్చుకున్న పిల్ల.

“ఎప్పుడో ఆ పండగ?”

హదస్సా దోసె తుంచుతూ తండ్రి వైపు చూసింది. “అందుకే... వారం ముందే వెళ్దామనుకుంటున్నా. డాడీ ఓకే అన్నారు.”

ఆ డాడీ, అంటే రైల్వే ఆఫీసులో పనిచేసే ప్రభుదాసు, పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు. కాంతమణి కళ్ళు ఆ పేపర్ని కాల్చేసేలా ఉన్నాయి.

“నన్నేం జూస్తున్నవ్ కాంతా? పిల్ల అడిగింది, సరే అన్న. దోస్తులతోని పండగ చేస్కుంటదట. ఏమైతది?”

“ఏం కాదు. అందరికీ అన్నీ తెలుస్తాయి, చివర్న నాకు తెలుస్తుంది. దోసె నేను పొయ్యాలి, వార్త పక్కింటివాళ్ళు చెప్పాలి.”

“అట్లా కాదు మమ్మీ, నువ్వు వద్దంటావని...” హదస్సా గబగబా జరిగి చోటిచ్చింది. “రా, కూర్చో. పోయినేడాది వీడియో చూపిస్తా. చూస్తే నువ్వే వెళ్ళమంటావు.”

వీధి పొడుగునా రంగు కాగితాల జెండాలు. ప్రతి ఇంటి తలుపూ బార్లా తీసి ఉంది. ఎవరెవరో లోపలికెళ్ళి ప్లేటు తీసుకుని, నూడుల్సూ మాంసమూ పెట్టుకుని తింటున్నారు.

“వీళ్ళంతా చుట్టాలా?”

“ఎవరో కూడా తెలీదు మమ్మీ. పండగరోజు గుమ్మంలోకి ఎవరొచ్చినా పెట్టాల్సిందే. తిని, థాంక్యూ చెప్పి, పక్కింటికి పోతారు.”

“గిదేదో మంచిగుందే,” అన్నాడు ప్రభుదాసు పేపరు దించి. “మన గల్లీల సుత షురూ చేస్తే నాకు రోజూ ఈ మాడిన దోసె తక్లీఫ్ ఉండదు.”

ఆ తర్వాత బాస్కెట్‌బాల్ కోర్టు వచ్చింది. చుట్టూ రంగు లైట్లు, పెద్ద పెద్ద స్పీకర్లు, మధ్యలో కుర్రకారు. వాళ్ళ నడుమ హదస్సా, జుట్టు విరబోసుకుని, కళ్ళు మూసుకుని ఆడుతోంది. పక్కన పూలపూల గౌనులో బొద్దుగా ఒకావిడ, చేతులు పైకెత్తి, సిగ్గూ ఎగ్గూ లేకుండా పిల్లతో సమానంగా గెంతుతోంది. ఆవిడే లోర్నా.

“ఈ పిల్లల అమ్మానాన్నలు ఏమీ అనరా?”

“ఏమంటారు? వాళ్ళూ ఆడుతున్నారుగా! అక్కడ అంతే మమ్మీ. పెద్దయ్యావు, నీ ఇష్టం, కానీ ఎక్కడున్నావో చెప్పు అంటారు. అదొక్కటే రూల్.”

“నీ చేతిలో గ్లాసేంటి?”

“నిమ్మరసం.”

“నిమ్మరసం తాగి అట్లా ఎగురుతారా ఎవరైనా?”

హదస్సా మొహంలో నవ్వు ఠక్కున ఆరిపోయింది. వీడియో ఇంకా నడుస్తోంది. పాట ఆగింది. లోర్నా తన భుజం మీది తువ్వాలు తీసి హదస్సా మెడమీది చెమట తుడిచి, “అనక్” అని పిలిచి ఏదో చెప్పింది. ఆ మాటకి బిడ్డా అని అర్థమని కాంతమణికి ఇదివరకే తెలుసు. ఎవరూ చెప్పలేదు, ఫోన్లో వెతుక్కుని తెలుసుకుంది. పిల్ల గ్లాసు పట్టుకుందని కాదు, డాన్స్ చేసిందని కాదు, ఆ తువ్వాలు చూసి ఆమెకి లోపల భగ్గుమంది. కానీ తువ్వాలు మీద కోపం అని పైకి ఎలా చెబుతుంది?

శుక్రవారం చర్చి స్త్రీల సమాజం ప్రార్థన కార్ఖానా ఏరియాలో స్వర్ణలతమ్మ గారింట్లో జరిగింది. ఆవిడే సమాజానికి అధ్యక్షురాలు. ప్రార్థనకి ముందు ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశం చెప్పుకోవడం అలవాటు. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి కొడుకు ఉద్యోగం, ఇంకొకరికి తాగొచ్చే అల్లుడు. చెప్పినది అందరూ వింటారు, అందరూ మొక్కుతారు, ఇళ్ళకెళ్ళి ఫోన్లలో మరికొందరి చేత కూడా మొక్కిస్తారు. కాంతమణి వంతు వచ్చినప్పుడల్లా “కృతజ్ఞతే అక్కా, అంతా బాగుంది” అని కూర్చునేది. డాక్టరు చదివే కూతురున్న ఆమెకి కష్టాలేమిటని మిగతావాళ్ళు కాస్త అసూయగానే చూసేవారు.

ఆ రోజు ఆమె వెంటనే కూర్చోలేదు.

“మా పాప కోసం ప్రార్థన చెయ్యండి,” అంది. అక్కడితో ఆపేద్దామనే అనుకుంది. కానీ గదిలో తలలన్నీ ఆమెవైపు తిరిగాయి. ఎవరో “అయ్యో” అన్నారు. ఆ అయ్యో ఎంత హాయిగా ఉందంటే మాటలు వాటంతటవే వచ్చేశాయి. “అక్కడ పండగలంట, తాగుడంట, వీధుల్లో డాన్సులంట. ఇంటావిడొకామె తల్లిలాగా చేరి పిల్లని పాడుచేస్తోంది. మా మాట వినట్లేదు.”

చెబుతుంటే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. స్వర్ణలతమ్మ దగ్గరికి తీసుకుంది. “ఏడవకు చెల్లీ. మేమందరం లేమా? ఉపవాసముండి ప్రార్థన చేస్తాం.” ఎన్నాళ్ళనుంచో ఎవరూ తనని అంతగా పట్టించుకోలేదనిపించింది కాంతమణికి. ఇంటికొస్తూ దారంతా తేలిగ్గా ఉంది. అబద్ధం చెప్పానన్న ఆలోచన ఆమెకి రాలేదు. ప్రార్థనలో చెప్పింది అబద్ధమెలా అవుతుంది?

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ గుడి మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. హదస్సా తన చిన్ననాటి స్నేహితురాలు షెకీనాతో, ఇంకో నలుగురు యూత్ పిల్లలతో నవ్వుతూ ఉంది. స్వర్ణలతమ్మ గబగబా వచ్చి హదస్సా తలమీద చెయ్యి పెట్టింది.

“దిగులు పడకు తల్లీ. నీ కోసం సంఘమంతా ఉపవాసముంటోంది. ఆ తాగుడొక్కటి మానెయ్. ఆ ఇల్లు ఖాళీ చేసెయ్. మీ అమ్మ ఎంత ఏడ్చిందో తెలుసా?”

యూత్ పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. షెకీనా చున్నీ సర్దుకోవడం మొదలెట్టింది. హదస్సా ముందు స్వర్ణలతమ్మ వైపు, తర్వాత మెట్ల పైన నిలబడ్డ తల్లి వైపు చూసింది. “థాంక్యూ ఆంటీ” అని, ఎవరితోనూ మాట్లాడకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.

తల్లీతండ్రీ ఆమె వెనకే ఇల్లు చేరారు. తలుపు వేయగానే హదస్సా అడిగింది.

“నేను తాగుతానని నీకెవరు చెప్పారు?”

“నీ మంచికే కదా ప్రార్థన...”

“ఎవరు చెప్పారు మమ్మీ?”

జవాబు లేనప్పుడు టీచర్లు చేసే పనే కాంతమణి కూడా చేసింది, గొంతు పెంచింది. “గ్లాసు కళ్ళతో చూశాను. అట్లా విరబోసుకుని ఆడ్డం చూశాను. ఆవిడ తన పిల్లల్ని ఎట్లా పెంచుకుంటే నాకేం? నా పిల్లని ఆడించడానికి ఆవిడెవరు?”

“ఆ గ్లాసులో నిమ్మరసమే. ఒకసారి బీరు తాగాను, అది ఈ పండగలో కాదు. వేరే పార్టీలో, రెండు గుక్కలు. చేదుగా ఉంటే పారబోశాను. ఆ రోజే తీతాకి చెప్పాను. ఆవిడ తిట్టింది, తర్వాత అన్నం పెట్టింది. అంతే, అయిపోయింది.”

“ఆవిడకి చెప్పావు! నాకెందుకు చెప్పలేదు?”

“ఎందుకంటే నీకు చెబితే అది ప్రార్థన అంశం అవుతుంది మమ్మీ.” హదస్సా చేతిలోని బైబిలు బల్ల మీద పెట్టేసింది. “ఇవాళ షెకీనా నా మొహంలోకి చూడలేకపోయింది. చిన్నప్పట్నుంచీ నేను పాటలు పాడిన గుడి అది. ఇంక నీకు నేనేం చెప్పాలి? ఏం చెప్పినా శుక్రవారం దాకా ఆగుతుందా?”

లోపలికెళ్ళి సూట్‌కేసు మంచం మీదికి లాగిన చప్పుడు వినబడింది.

“వెళ్ళనివ్వండి,” అంది కాంతమణి. “వాళ్ళమ్మ దగ్గరికే కదా.”

సాధారణంగా ప్రభుదాసు ప్రతిదానికీ ఒక జోకు వేస్తాడు. ఆ రోజు వేయలేదు.

“కాంతా, నీకు కోపం అనుకుంటున్నవ్. అది కోపం కాదే. కుళ్ళు.”

ఆమె వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

మర్నాడు మధ్యాహ్నం హదస్సా టికెట్టు పనిమీద బయటికెళ్ళింది, ఫోను ఛార్జింగుకి పెట్టి మర్చిపోయింది. అది మోగింది. తెర మీద లోర్నా మొహం. కాంతమణి కట్ చేద్దామనే వెళ్ళింది, కంగారులో పచ్చగుర్తు నొక్కేసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వీడియోలో గెంతిన మనిషిలా లేదావిడ. కళ్ళద్దాలు పెట్టుకుని, తలకి రంగు సగం వేసుకుని, పెద్దదానిలా ఉంది.

కాంతమణి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆవిడదీ అంతే. అది ఇద్దరికీ మేలే చేసింది. తిరగేసి మరగేసి మాట్లాడేంత భాష ఎవరి దగ్గరా లేదు.

ముందుగా రావద్దని హదస్సాకి చెప్పానంది లోర్నా. అమ్మతో గొడవపడి వచ్చిన పిల్ల నా ఇంట్లో డాన్స్ చేయడానికి వీల్లేదన్నాను, ఏడ్చింది, అయినా అన్నాను అంది.

గెలిచినదాన్లా మాట్లాడుతుందనుకున్న మనిషి అలా అనేసరికి కాంతమణికి ఇంకా మండింది. “మీరే కదా రాత్రుళ్ళు డాన్సులకి పంపేది?” అని అడిగేసింది.

“పంపుతాను,” అంది లోర్నా. “వయసులో పిల్లలు ఆడాలి. వద్దంటే నాకు తెలియని చోట ఆడతారు. నేను కోర్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. దోమలు కుడతాయి. నిద్రొస్తుంది. కాసేపు నేనూ గెంతుతాను, కానీ పాటలు ఆగేదాకా ఇంటికి పోను. మా అమ్మ కూడా నాకోసం అలాగే కూర్చునేది.” ఆవిడ కళ్ళద్దాలు తీసింది. “నీ మీద నాకు ఈర్ష్య. నా కూతురు ఎనిమిదేళ్ళుగా కువైట్‌లో ఎవరి పిల్లల్నో చూసుకుంటోంది, వారానికోసారి ఫోను. నీ కూతురు నా ఇంట్లో అన్నం తింటుంది, మా అమ్మ పప్పు ఇలా ఉండదు అంటుంది. జ్వరంలో నేను కాళ్ళు పడుతుంటే నీ పేరు పలవరించింది. నీకు చెప్పనివ్వలేదు, అమ్మ భయపడుతుంది అని. అప్పుడు నాకు ఎంత కోపమొచ్చిందో! చేసేది నేను, పిలిచేది నిన్ను.”

కాంతమణి “మీ తల రంగు ఆరిపోతోంది” అంది. లోర్నా పెద్దగా నవ్వింది. పిల్ల ఆ నవ్వుతో కలిసి నవ్వుతోందనే కదా ఇన్నాళ్ళూ ఒళ్ళు మండింది! ఎదురుగా వింటే అందులో విషమేమీ లేదు. ఫోను పెట్టేశాక కాంతమణి అక్కడే, ఛార్జింగు ప్లగ్గు కింద నేలమీద కూర్చుండిపోయింది.

హదస్సా ఆ వారమంతా అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. కాఫీ ఇస్తే తీసుకుంది, ఏమైనా అడిగితే “ఆఁ, ఊఁ” అంది. శనివారానికి టికెట్టు మార్చుకుంది. తీతా రావద్దన్నా వెళ్తోంది. పండగకి కాదు, ఈ ఇంట్లో ఉండలేక వెళ్తోంది. ఆ సంగతి కాంతమణికి అర్థమైంది. ఈసారి ఇలా వెళితే పిల్ల ఫోను చేస్తుంది, తిన్నాను, పడుకున్నాను అని చెబుతుంది. అంతకుమించి ఇంకేమీ, ఎప్పటికీ, చెప్పదు.

శుక్రవారం మళ్ళీ స్వర్ణలతమ్మ గారింట్లోనే ప్రార్థన. అంశాలకి ముందు సాక్ష్యాలుంటాయి. ఏదైనా మేలు జరిగినవాళ్ళు లేచి చెప్పుకుంటారు. ఎవరికీ ఏ మేలూ జరగలేదేమో, ఎవరూ లేవలేదు. కాంతమణి లేచింది.

“పాప మారిందా చెల్లీ?” అంది స్వర్ణలతమ్మ ఆశగా.

“మా పాప మారడానికేం లేదక్కా. పోయిన శుక్రవారం నేను చెప్పింది నిజం కాదు.” ముందున్న కుర్చీ వీపు పట్టుకుంది. “పాప తాగదు. ఆ ఇంటావిడ మంచిది. నా పిల్లకి జ్వరమొస్తే కాళ్ళు పట్టింది. నేను కుళ్ళుకున్నాను. నా పిల్ల నాతో నవ్వకుండా ఆవిడతో నవ్వుతోందని. కుళ్ళు అని చెప్పుకోవడానికి సిగ్గేసి, ప్రార్థన అని చెప్పాను.”

స్వర్ణలతమ్మ కూర్చోమన్నట్టు చెయ్యి చూపింది. కాంతమణి కూర్చోలేదు.

“ఇంకోటి కూడా ఉంది. చిన్నప్పుడు బొల్లారంలో యూత్ క్యాంపు పెట్టారు. సాయంత్రం మంట చుట్టూ అందరం చప్పట్లు కొడుతూ ఆడాం. మా నాన్న వచ్చి, ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళిపోయారు. అమ్మ కూడా ఏమీ అనలేదు. ఆ తర్వాత నేనెప్పుడూ ఆడలేదు. నా కూతురు కళ్ళు మూసుకుని ఆడుతుంటే, పక్కన పెద్దావిడ ఆడుతుంటే, నాకలాంటి తల్లి ఎందుకు లేదా అని ఏడుపొచ్చింది. నా పిల్లకి నేనెందుకు అలా కాలేకపోయానా అని ఇంకా ఏడుపొచ్చింది. ఆ ఏడుపంతా పిల్ల మీద పోశాను. మీరందరూ ఎవరెవరికి చెప్పారో వాళ్ళందరికీ దయచేసి ఇది కూడా చెప్పండి.”

ఇది ఏ రకం సాక్ష్యమో స్వర్ణలతమ్మకి అంతుబట్టలేదు. వెనక వరసలో ఒక ముసలమ్మ అలవాటు కొద్దీ “స్తోత్రం” అంది. ఇంకెవరో ముక్కు చీదుకున్నారు. కాంతమణి కూర్చోబోతూ గుమ్మం వైపు చూసింది. చెప్పుల మధ్య హదస్సా నిలబడి ఉంది. వెనకాల స్కూటర్ తాళం చెవి చేతిలో తిప్పుకుంటూ, ఏమీ ఎరగనివాడిలా ప్రభుదాసు. మీ అమ్మని ఇంటికి తీసుకురావాలి పద అని పిల్లని వెంటబెట్టుకొచ్చిన పెద్దమనిషి ఆయనే.

ప్రార్థన ముగిశాక ఆయన స్కూటర్ మీద ముందే వెళ్ళిపోయాడు. తల్లీకూతుళ్ళు ఆటో కోసం కార్ఖానా రోడ్డు మీదికి నడిచారు. సన్నగా వాన మొదలైంది.

“అంతమందిలో ఎందుకు చెప్పావు మమ్మీ?”

“అన్నది అంతమందిలోనే కదమ్మా.”

ఇద్దరూ ఒక మూసిన కొట్టు ముందు రేకు కిందకి చేరారు.

“రేపు వెళ్ళిరా,” అంది కాంతమణి. “పండగ బాగా చేసుకో. ముందు వరసలో ఆడు. ఆవిణ్ణి కుర్చీలో సరిగ్గా కూర్చోమను, దోమలకి ఏదైనా పూసుకోమను.” మంచి మాటే చెప్పింది గానీ, చెబుతుంటే గుండెల్లో ఇంకా ఎక్కడో చురుక్కుమంటూనే ఉంది. అది ఒక్కరోజులో పోయేది కాదని ఆమెకి తెలుసు.

ఆటోలు నిండుగా పోతున్నాయి. హదస్సా వానకేసి చూస్తూ నిలబడింది. కాసేపటికి తల్లి కొంగు అంచు పట్టుకుని, విడిచి, మళ్ళీ పట్టుకుంది.

“మమ్మీ, నీకొకటి చెప్పాలి.”

కాంతమణికి ఏమిటి, ఎప్పుడు, ఎందుకు అని నోటిదాకా వచ్చాయి. అన్నిటినీ మింగేసింది. “చెప్పు.”

“ఈ సెమిస్టర్‌లో ఒక పేపర్ పోయింది. ఫెయిల్ అయ్యాను. మళ్ళీ రాయాలి. భయమేస్తోంది.” హదస్సా పెదవి కొరుక్కుంది. “ఎవరికీ చెప్పలేదు. డాడీకి తెలీదు. తీతాకి కూడా తెలీదు.”

ఏ తల్లైనా కంగారు పడాల్సిన మాటే అది. కాంతమణి కంగారు పడింది కూడా. కానీ ఆ కంగారుని తోసుకుంటూ ఇంకేదో పైకి వచ్చింది. కళ్ళనీళ్ళు ధారగా కారిపోతున్నాయి. పిల్ల ఫెయిలైందంటే ఇంత సంతోషపడే తల్లి సికింద్రాబాద్ మొత్తంలో ఇంకొకతి ఉండదని తనమీద తనకే సిగ్గేసింది.

“ఏడుస్తున్నావా మమ్మీ? కష్టపడి రాస్తాను, నిజంగా.”

“రాస్తావులే.” కాంతమణి చెంగుతో కూతురి మొహం మీది వాననీళ్ళు తుడిచింది. “ఎవరికీ చెప్పనమ్మా. నీకు చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెప్పు.”